ఉత్తరాయణం సంక్రాంతి దాకా ఆగదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

ఈ ఏడాది సంక్రాంతి నాటి మీ సంచికలో పండుగ విశేషాల మధ్య, సూర్యుడు నేటి నుంచి ఉత్తర దిశకు మరలుతాడనీ, పగటి పొద్దు పెరగడం ఈ రోజుతోనే మొదలవుతుందనీ రాశారు. ఇదే వాక్యాన్ని నేను నా చిన్నతనం నుంచి ఏటా జనవరిలో ఏదో ఒక పత్రికలో చదువుతూనే ఉన్నాను. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో పిల్లలు ఆ కాగితం ముక్కను తరగతికి తెచ్చి, పాఠంలో డిసెంబరు 22 అని ఉంది, పత్రికలో జనవరి 14 అని ఉంది, ఏది నిజమని అడిగేవారు. వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్న. అచ్చులో కనిపించిన మాటను నమ్మే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది కాబట్టి, ఆ ప్రశ్నకు జవాబు పత్రికలోనే రావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

మకర సంక్రమణం (సూర్యుడు మకర రాశిలోకి ప్రవేశించడం), ఉత్తరాయణ ప్రారంభం అనేవి రెండు వేర్వేరు సంఘటనలు. ఒకప్పుడు అవి ఒకే రోజున కలిసి వచ్చాయి. ఇప్పుడు వాటి మధ్య ఇరవై నాలుగు రోజుల దూరం ఉంది. సూర్యుడు దక్షిణాన తన చిట్టచివరి హద్దును చేరి వెనక్కి మరలేది డిసెంబరు 21న గానీ 22న గానీ. ధనుర్మాసం మొదలై ఆరేడు రోజులు గడిచీ గడవక ముందే, ఇంటి ముందు ముగ్గులు ఇంకా పూర్తిగా జోరందుకోక ముందే, అసలైన ఉత్తరాయణం వచ్చేస్తుంది. దానికి ఏ పత్రికా ఒక వాక్యమైనా కేటాయించదు.

ఈ మాటను ఎవరూ నా మీద గౌరవంతో నమ్మనక్కరలేదు. ఒక మీటరు పొడవున్న కర్ర చాలు. శ్రీకాకుళంలో మా పెరట్లో నేలను రసమట్టంతో చూసి చదును చేసి, దారానికి రాయి కట్టి నిలువు సరిచూసుకొని, ఆ కర్రను పాతి, ఏళ్ల తరబడి పిల్లలతో మధ్యాహ్నపు నీడను కొలిపించాను. గడియారంలో పన్నెండు కొట్టినప్పుడు కొలిస్తే సరిపోదు. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఐదేసి నిమిషాలకొకసారి నీడ కొనను గుర్తుపెట్టి, వాటిలో అన్నిటికన్నా పొట్టి నీడను తీసుకోవాలి. అలా తీసుకుంటే మా ఊళ్లో డిసెంబరు 22న నీడ దాదాపు 89 సెంటీమీటర్లు ఉంటుంది. సంవత్సరం మొత్తంలో మధ్యాహ్నపు నీడ ఇంతకన్నా పొడవు సాగే రోజు లేదు. సంక్రాంతి నాటికి అది 83 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది. ఉత్తరాయణం సంక్రాంతి నాడే మొదలవుతుందన్న మాట నిజమైతే, అన్నిటికన్నా పొడవైన నీడ ఆ రోజునే పడాలి కదా. పడదు.

ఇక్కడ పిల్లలకు ఒక చిక్కు ఎదురయ్యేది. డిసెంబరు 15 నుంచి 28 దాకా రోజూ కొలిచినా నీడలో అర సెంటీమీటరుకు మించి తేడా కనిపించదు. మరలే ముందు సూర్యుడు కొన్నాళ్లు నిలబడిపోయినట్టే ఉంటాడు. మరి ఆ మలుపు ఏ రోజున జరిగిందో తేల్చేదెలా? దానికి పాత పద్ధతి ఒకటుంది. మలుపుకు ముందు ఒక రోజు, తరువాత ఒక రోజు, నీడ సరిసమానంగా ఉన్న జంటను పట్టుకొని, వాటి నడిమి రోజును లెక్కగట్టాలి. సంక్రాంతి నాటి 83 సెంటీమీటర్ల నీడ అంతకుముందు నవంబరు 28న కూడా పడుతుంది. నవంబరు 28 నుంచి జనవరి 14 దాకా 47 రోజులు. అందులో సగం ఇరవై మూడున్నర. నవంబరు 28కి ఇరవై మూడున్నర రోజులు కలిపితే డిసెంబరు 21 దాటి 22 లోకి వస్తాం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి వేలు మడిచి ఈ లెక్క చేసి చెప్పిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే సామాన్యులు సంక్రాంతినే మలుపుగా భావించడానికి మన కళ్లెదుటే ఒక కారణం ఉంది, దాన్ని తోసిపుచ్చకూడదు. తెల్లవారే వేళను మాత్రమే చూసేవారికి డిసెంబరు 22 తరువాత కూడా పొద్దు ఆలస్యంగానే పొడుస్తూ ఉంటుంది. మా ఊళ్లో డిసెంబరు 22న సూర్యోదయం సుమారు 6 గంటల 22 నిమిషాలకు. సంక్రాంతి నాడు సుమారు 6 గంటల 29 నిమిషాలకు. జనవరి మూడో వారం దాటాక గానీ సూర్యోదయం ముందుకు జరగడం మొదలవదు. కానీ సాయంత్రం వైపు చూడండి: డిసెంబరు 22న 5 గంటల 24 నిమిషాలకు అస్తమించిన సూర్యుడు సంక్రాంతి నాడు 5 గంటల 37 నిమిషాల దాకా ఉంటాడు. పొద్దున ఏడెనిమిది నిమిషాలు పోగొట్టుకొని సాయంత్రం పదమూడు, పద్నాలుగు నిమిషాలు సంపాదించామన్న మాట. మొత్తం మీద పగలు ఆరు నిమిషాలు పెరిగింది. భూమి కక్ష్య కొంచెం కోలగా ఉండటం వల్ల, అక్షం వంగి ఉండటం వల్ల, మధ్యాహ్నం సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చే వేళ గడియారంతో పోలిస్తే ఏడాది పొడవునా కొంత ముందుకూ వెనక్కూ ఊగుతుంది. డిసెంబరు చివరన ఆ వేళ రోజుకు అర నిమిషం చొప్పున ఆలస్యమవుతూ, పగలు పెరిగిన కొద్దిపాటి లాభాన్ని ఉదయం పూట మింగేస్తుంది. పెద్దలు చూసింది నిజమే. వాళ్లు చూసింది రోజులో ఒక కొసను మాత్రమే.

ఇక రెండు సంఘటనలు ఎందుకు విడిపోయాయన్నది అసలు విషయం. భూమి నిక్కమైన గోళం కాదు. తన చుట్టూ తాను తిరిగే వేగానికి నడుము దగ్గర ఉబ్బి, ధ్రువాల మధ్య వ్యాసం కన్నా భూమధ్యరేఖ దగ్గర వ్యాసం సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువగా ఉంటుంది. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుతూ ఉండటం వల్ల, వాలిన బొంగరం తల ఎలా మెల్లగా గుండ్రంగా తిరుగుతుందో, భూమి అక్షం కూడా సుమారు 25,800 ఏళ్లకొక చుట్టు చొప్పున తిరుగుతుంది. ఆ తిరుగుడుతో పాటు విషువత్తులు (పగలూ రేయీ దాదాపు సమానమయ్యే రోజుల్లో సూర్యుడుండే చోట్లు), అయనాంతాలు (సూర్యుడు మరలే చోట్లు) నక్షత్రాల నేపథ్యంలో వెనక్కి జరుగుతుంటాయి. మన జ్యోతిశ్శాస్త్రం దీన్ని అయనచలనం అంటుంది. ఒక డిగ్రీ జరగడానికి దాదాపు 72 ఏళ్లు పడుతుంది. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మళ్లీ అదే నక్షత్రం దగ్గరకు రావడానికి పట్టే కాలం, ఒక విషువత్తు నుంచి మళ్లీ అదే విషువత్తుకు రావడానికి పట్టే కాలం కన్నా 20 నిమిషాల 24 సెకన్లు ఎక్కువ. ఏడాదికి ఇరవై నిమిషాలు ఎంతో కాదనిపిస్తుంది. కానీ అవి ఒకదాని మీద ఒకటి చేరి 72 ఏళ్లలో ఒక పూర్తి రోజు అవుతాయి.

సంక్రాంతి నక్షత్రాల లెక్కకు, అంటే నిరయన గణనకు కట్టుబడిన పండుగ. ఉత్తరాయణం, ఋతువులు, పగటి నిడివి సూర్యుడికీ భూమి వంపుకూ మధ్య వ్యవహారం. అవి సాయన గణనకు, అంటే విషువత్తు నుంచి కొలిచే లెక్కకు చెందినవి. ప్రస్తుతం పంచాంగాల్లో ఎక్కువగా వాడే చిత్రా పక్ష అయనాంశ (చిత్త నక్షత్రాన్ని ఆధారం చేసుకొని ఈ రెండు లెక్కల మధ్య తేడాను చెప్పే కొలత) ప్రకారం రెండు లెక్కలూ కలిసినది క్రీ.శ. 285 ప్రాంతంలో. ఈనాటికి తేడా 24 డిగ్రీలు దాటింది. సంక్రాంతి జరుగుతున్నదనడానికి దూరపు చరిత్ర కూడా అవసరం లేదు. స్వామి వివేకానంద పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజు. ఇప్పుడు అదే సంక్రాంతి 14న, కొన్ని ఏళ్లలో 15న వస్తోంది. ఇదే లెక్క సాగితే ఇంకో వెయ్యేళ్లకు అది జనవరి నెలాఖరుకు చేరుతుంది. అప్పటి పత్రికలు కూడా ఆ రోజునే సూర్యుడు ఉత్తరానికి మరలాడని రాస్తాయా?

ఇలా అడగడం సంప్రదాయాన్ని తక్కువ చేయడమని కొందరు నొచ్చుకుంటారని నాకు తెలుసు. వారికి మన ప్రాచీన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు వరాహమిహిరుణ్ణి గుర్తుచేస్తాను. ఆరో శతాబ్దంలో ఆయన బృహత్సంహితలో, ఆశ్లేష నడుమ నుంచి దక్షిణాయనం, ధనిష్ఠ మొదటి నుంచి ఉత్తరాయణం ఒకప్పుడు తప్పకుండా ఉండి ఉండాలి, ఎందుకంటే పూర్వ శాస్త్రాల్లో అలా చెప్పారు అని రాసి, తన కాలంలో మాత్రం అవి కర్కాటకం, మకరం మొదళ్లలో జరుగుతున్నాయని స్పష్టం చేశాడు. అంతటితో ఆగలేదు. సందేహం ఉంటే ప్రత్యక్షంగా పరీక్షించమన్నాడు: ఉదయాస్తమయ వేళల్లో సూర్యుణ్ణి దూరాన ఉన్న గుర్తుతో సరిపోల్చి చూడమన్నాడు, లేదా నేల మీద పెద్ద వృత్తం గీసి శంకువు (నిలువుగా పాతిన కర్ర) నీడ ఆ వృత్తంలోకి వచ్చే చోటునూ వెలుపలికి పోయే చోటునూ గుర్తించమన్నాడు. పాత గ్రంథం చెప్పినదానికీ కంటికి కనిపించినదానికీ తేడా వచ్చినప్పుడు, పాత గ్రంథాన్ని అవమానించకుండానే కంటికి కనిపించినదాన్ని చెప్పిన ఆ పద్ధతి కన్నా గొప్ప సంప్రదాయం ఏముంటుంది? మకరం మొదట ఉత్తరాయణం అన్న లెక్క ఆయన కాలానికి సరైనదే, ఈనాటికి సరిపోదు. ఆయన బతికి ఉంటే ఈ మాట మనకన్నా ముందే చెప్పేవాడు.

మా జిల్లాలోనే ఇందుకు సజీవమైన సాక్ష్యం ఉంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల చుట్టుపక్కలా, అక్టోబరు 1, 2 తేదీల చుట్టుపక్కలా, ఉదయకిరణాలు నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం చీకటితోనే వచ్చి నిలబడే జనంలో నేనూ ఎన్నోసార్లు నిలబడ్డాను. మబ్బు పట్టిన అక్టోబరు ఉదయాల్లో నిరాశతో తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. ఈ వార్తను మీరు ప్రతిసారీ ఎంతో శ్రద్ధగా, ఫొటోతో సహా ప్రచురిస్తారు. దానికి తోడు రెండు వాక్యాల వివరణ ఇస్తే పాఠకులకు అది మరింత ఆశ్చర్యకరంగా ఉంటుందని నా నమ్మకం.

ఏడాది పొడవునా సూర్యుడు ఒకే చోట ఉదయించడు. మా అక్షాంశంలో జూన్ 21న తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు 22న అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. సరిగ్గా తూర్పున ఉదయించేది విషువత్తుల నాడు మాత్రమే. దిక్చక్రం మీద ఈ 50 డిగ్రీల బాటలో ఆరు నెలలు పైకీ, ఆరు నెలలు కిందికీ నడుస్తాడు కాబట్టి, రెండు చివరలు తప్ప బాటలోని ప్రతి చోటునూ ఏడాదికి రెండుసార్లు దాటుతాడు. మార్చి 10 వసంత విషువత్తుకు పది రోజుల ముందు వస్తుంది. అక్టోబరు 2 శరద్విషువత్తుకు తొమ్మిది, పది రోజుల తరువాత వస్తుంది. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, దాదాపు 4 డిగ్రీల దక్షిణాన ఉంటాడు. ఒకే చోట ఉదయిస్తాడు, ఒకే వాలుతో పైకి వస్తాడు, ఒకే ద్వారం గుండా చూస్తాడు. రెండు తేదీల రహస్యం ఇంతే.

కిరణాలు తాకేది రెండు మూడు రోజులే ఎందుకన్న దానికి జవాబు ఇంకా అందంగా ఉంటుంది. విషువత్తుల దగ్గర సూర్యోదయ బిందువు రోజుకు 0.4 డిగ్రీ చొప్పున జరుగుతుంది. అది సూర్యబింబపు వెడల్పులో సగానికన్నా ఎక్కువ. అందుకే ఇరుకైన దారి గుండా వచ్చే వెలుగు ఇవాళ పాదాల మీద పడితే రెండు రోజులకు పక్కకు తప్పుకుంటుంది. అదే ఆలయాన్ని డిసెంబరు మలుపు నాటి సూర్యోదయానికి ఎదురుగా నిలిపి ఉంటే, ఆ రోజుల్లో సూర్యుడు నిలబడిపోయినట్టే ఉంటాడు కాబట్టి, కిరణాలు వారాల తరబడి లోపలికి వచ్చేవి. మా పెరటి కర్ర నీడ డిసెంబరులో రెండు వారాలపాటు కదలకపోవడం, అరసవల్లిలో కిరణాలు రెండు మూడు రోజులకే తప్పుకోవడం ఒకే చలనానికి చెందిన రెండు ముఖాలు.

ఇంకో సంగతి గమనించాలి. అరసవల్లిలో కిరణాలు తాకే రోజు ఏ తిథితోనూ ముడిపడి లేదు. ఏ నక్షత్రంలోకి సూర్యుడు ప్రవేశించాడన్న దానితోనూ దానికి సంబంధం లేదు. అందుకే ఆ వార్తను అందరూ ఇంగ్లిషు తేదీలతోనే గుర్తుపెట్టుకుంటారు. ఇప్పుడు మనం వాడుతున్న ఇంగ్లిషు క్యాలెండరు విషువత్తును అంటిపెట్టుకొని నడిచేదే కాబట్టి ఆ తేదీలు కదలవు. సంక్రాంతి మాత్రం అదే క్యాలెండరులో 12 నుంచి 14కు, 15కు జరిగింది. ఆలయంలో పడే వెలుగు సాయన గణనకు లోబడి ఉంది, ఆలయంలో జరిగే సంక్రాంతి పూజ నిరయన గణనకు లోబడి ఉంది. రెండూ ఒకే చోట, ఒకే దేవుడి ముందు జరుగుతున్నా ఏ గొడవా లేదు. పత్రికలో కూడా అలాగే పక్కపక్కన ఉండవచ్చు.

పనిలో పనిగా మరో పొరపాటు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా, చలికాలంలో దూరంగా ఉంటుందన్న మాట పిల్లల శీర్షికల్లో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. జరిగేది సరిగ్గా దానికి తలకిందులు. భూమి సూర్యుడికి అత్యంత సమీపంగా, 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో, మనం భోగిమంటకు కట్టెలు పోగుచేసుకునే రోజుల్లో. అత్యంత దూరంగా, 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జులై మొదటి వారంలో. ఈ 50 లక్షల కిలోమీటర్ల తేడా వల్ల భూమికి అందే ఎండ జనవరిలో 7 శాతం దాకా ఎక్కువే. అయినా మనకు చలి. కారణం 23.4 డిగ్రీల వంపు. డిసెంబరులో ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వాలి ఉంటుంది. మా ఊళ్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. ఏటవాలుగా పడిన ఎండ ఎక్కువ నేల మీద పరుచుకొని, నడినెత్తి ఎండలో నాలుగింట మూడు వంతుల వేడినే ఒక్కో గజానికి పంచుతుంది. దానికి తోడు పగలు 11 గంటలే. జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. లండన్‌లో ఉన్న మన పిల్లలు డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా నిండని పగటినీ, జూన్‌లో పదహారున్నర గంటల పగటినీ చూస్తారు. దక్షిణాఫ్రికాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, ఆస్ట్రేలియాకు ఈ మధ్య వెళ్లిన మనవాళ్లకూ సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది. భూమి సూర్యుడికి దగ్గర పడటమే వేసవికి కారణమైతే, జనవరిలో వాళ్లకూ మనకూ ఒకే కాలం ఉండాలి.

కోలగా ఉన్న ఈ కక్ష్య ఋతువులను పుట్టించదు గానీ వాటి నిడివిని మారుస్తుంది. దూరంగా ఉన్న వేళ భూమి నెమ్మదిగా నడుస్తుంది. అందుకే మార్చి విషువత్తు నుంచి సెప్టెంబరు విషువత్తుకు 186 రోజులు పడితే, సెప్టెంబరు నుంచి మళ్లీ మార్చికి 179 రోజులే. ఈ సూక్ష్మం మన జాతీయ క్యాలెండరులో ఎంత చక్కగా ఇమిడిందో చాలామందికి తెలియదు. భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండరు సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం ఒకటో తేదీతో జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది. సంవత్సరం విషువత్తు దాటిన ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది. వైశాఖం నుంచి భాద్రపదం దాకా ఐదు నెలలకు 31 రోజులు, ఆశ్వయుజం నుంచి ఫాల్గుణం దాకా 30 రోజులు; సూర్యుడు నిదానంగా కదిలినట్టు కనిపించే వేసవి సగానికి ఎక్కువ రోజులు దక్కాయి. పుష్యం ఒకటో తేదీ డిసెంబరు 22. మన దేశపు అధికారిక క్యాలెండరు ఉత్తరాయణాన్ని ఏ రోజున పెట్టిందో వేరే చెప్పనక్కరలేదు. సంఘం వారు పండుగలను కదిలించలేదు. మత సంబంధమైన గణనకు అయనాంశను విడిగా ఉంచి, పౌర జీవితానికి విషువత్తును ఆధారం చేశారు. సాహా గారి సంఘం ఇంత శ్రమపడి వేరుచేసిన రెండింటినీ మనం ఒక వార్తా వాక్యంలో మళ్లీ కలిపేస్తున్నాం.

వేసవి విషయానికి వస్తే, మన తెలుగు నేలంతా కర్కటరేఖకు దక్షిణంగా ఉంది కాబట్టి సూర్యుడు మనకు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతంలో, హైదరాబాదులో మే 9న, మా శ్రీకాకుళంలో మే 12, 13 తేదీల్లో, ఆదిలాబాదులో ఇంకో వారం తరువాత ఇది జరుగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆదిలాబాదులో జులై చివరి వారంలో, మాకు జులై నెలాఖరున, హైదరాబాదుకు ఆగస్టు 3న, తిరుపతికి ఆగస్టు మధ్యలో మళ్లీ వస్తుంది. ఈ రెండు రోజుల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న మా కర్రకు దక్షిణంగా తొమ్మిది సెంటీమీటర్ల నీడ చూసి పిల్లలు దిక్కులు తారుమారయ్యాయని కంగారుపడేవారు. ఎండలు జూన్ 21న కాక మే నెలలోనే పతాక స్థాయికి చేరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: మేలోనే సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, జూన్‌లో నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. నేల, సముద్రం వేడెక్కడానికీ చల్లబడటానికీ వ్యవధి పడుతుంది కాబట్టే డిసెంబరులో మలుపు తిరిగినా చలి వెంటనే వదలదు. శివరాత్రికి గానీ చలి శివశివా అంటూ వెళ్లదన్న మాట పెద్దల అనుభవం.

రైతులు నమ్ముకున్న కార్తెలకు కూడా ఈ లెక్క వర్తిస్తుందన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయి అన్నప్పుడు, సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టే ఆ పేర్లు వచ్చాయి. అంటే కార్తెలు కూడా సంక్రాంతి లాగానే 72 ఏళ్లకొక రోజు చొప్పున జరుగుతున్నాయి. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తె, ఐదు వందల ఏళ్ల కిందట ఋతువుతో పోల్చి చూస్తే ఒక వారం ముందుగా వచ్చేది. వానలు నక్షత్రాల కోసం చూడవు. నేల వేడెక్కడాన్ని, అంటే సూర్యుడి ఉత్తర ప్రయాణాన్ని బట్టి వస్తాయి. ఒక రైతు జీవితకాలంలో ఈ తేడా ఒక్క రోజే కాబట్టి విత్తనం వేసే నిర్ణయం దీని వల్ల చెడిపోదు. కానీ సామెత పుట్టిననాటి కార్తె, ఈనాటి కార్తె ఋతువులో ఒకే చోట లేవని మన వ్యవసాయ శీర్షికలు ఎన్నడైనా చెప్పాయా?

మీరు చేయదగిన పని చాలా చిన్నది. రోజూ వేసే పంచాంగం గడిలో సూర్యోదయాస్తమయాల పక్కన ఆ రోజు పగటి నిడివిని గంటలు, నిమిషాల్లో ఇవ్వండి. రెండు నెలలు వరుసగా చూసిన పాఠకుడికి మలుపు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు. డిసెంబరు 21న గానీ 22న గానీ, ఆ ఏటి లెక్క ప్రకారం, సాయన ఉత్తరాయణం మొదలైందని ఒక వాక్యం వేయండి. సంక్రాంతి నాడు మకర సంక్రమణ పుణ్యకాలాన్ని ఎప్పటిలాగే ఘనంగా రాయండి, పగలు ఆ రోజు నుంచే పెరుగుతుందన్న ఒక్క మాట తీసేయండి. మార్చి 20, 21 తేదీల్లో, సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రేయీ సమానమని రాసేటప్పుడు కూడా మీ గడిలోని అంకెలను ఒకసారి సరిచూడండి. గాలి పొరలు కాంతిని వంచడం వల్లా, బింబం పై అంచు కనిపించగానే సూర్యోదయంగా లెక్కించడం వల్లా ఆ రోజు మన ప్రాంతంలో పగలు ఆరేడు నిమిషాలు ఎక్కువే ఉంటుంది. మే నెలలో ఏ జిల్లాలో ఏ రోజు నీడ మాయమవుతుందో ఒక పటం వేస్తే, సెలవుల్లో ఉన్న పిల్లలు పెరట్లోకి వెళ్లి చూసుకుంటారు.

రాబోయే నవంబరు 28న మా వీధి పిల్లలు మళ్లీ కర్ర పాతబోతున్నారు. ఆ రోజు మొదలుకొని జనవరి 14 దాకా మబ్బు లేని ప్రతి మధ్యాహ్నం కొలత తీసి నోటు పుస్తకంలో రాస్తారు. మీరు ప్రచురిస్తామంటే ఆ అంకెలను జనవరి 14 సాయంత్రమే పంపగలను. చివరి అంకె 83కు అటూ ఇటూగా ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం